మా పేరు మీద పోలీసు పద్దు

మా ఇళ్లల్లో పిల్లలకు ‘పోలీసు’ అనే మాట దొంగా పోలీసు ఆటలో పరిచయం కాదు. ‘పోలీస్ యాక్షన్’ అనే జంటమాటతో పరిచయమవుతుంది. మా దాదీమాకు పుట్టినరోజుల తేదీలు తెలియవు. ఎవరి వయసు అడిగినా ‘పోలీస్ యాక్షన్‌కు ముందు పుట్టినోడు’, ‘పోలీస్ యాక్షన్ అయిన రెండేండ్లకు పుట్టింది’ అని చెప్పేది. 1948 సెప్టెంబరు 13 నుంచి అయిదు రోజులు జరిగింది సైనిక చర్య. సైన్యం దిగింది, ట్యాంకులు దిగాయి, విమానాలు దిగాయి. పేరు మాత్రం పోలీసు చర్య. రజాకార్ల దుర్మార్గాన్ని మేం కాదనం, దాన్ని వెనకేసుకురావలసిన అగత్యం మాకు లేదు. కానీ ఆ తర్వాత రజాకారెవడో రోజుకూలీ ఎవడో చూడకుండా పల్లెల్లో సాగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయి ఉంటారని ఢిల్లీ నుంచి వచ్చిన సుందర్‌లాల్ కమిటీయే అంచనా వేసింది. ఆ నివేదిక జనం చదువుకోవడానికి 2013 దాకా బయటికి రాలేదు. అరవై అయిదేండ్లు!

అందుకే ఏ నాయకుడు పోలీసుల గురించి మాట్లాడినా, పోలీసులకు ఇన్ని కోట్లిచ్చానని చెప్పినా, మేం వినే తీరు వేరుగా ఉంటుంది. మిగతా జనానికి అది రక్షణ మాట. మాకు అది రక్షణ మాటే, దాంతోపాటు ఇంకోటి కూడా. ఆ ‘ఇంకోటి’ ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం. తెలంగాణ మొదటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు 2014 నుంచి 2023 దాకా నేరాల మీద, పోలీసు ఖర్చు మీద తీసుకున్న వైఖరిని ముస్లింగా చదవడమే ఇక్కడ నా పని. ఆయన్ని తిట్టడానికో పొగడడానికో కాదు. పొగడవలసినవీ ఉన్నాయి, అవీ చెప్తాను.

ముందు కొంచెం వెనక్కి పోవాలి.

1978 మార్చి నెలాఖరు. మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయి నెల కూడా నిండలేదు. రాత్రి సినిమా చూసి వస్తున్న ఒక ముస్లిం జంటను నల్లకుంట పోలీసులు పట్టుకున్నారు. భర్త రిక్షా కార్మికుడు. భార్య మీద స్టేషన్లో అత్యాచారం జరిగింది. భర్త దెబ్బలకు చనిపోయాడు. ఆమె పేరు నేను రాయను. అప్పట్లో ఆ పేరును అందరూ కావలసినంత వాడుకున్నారు. హైదరాబాద్ భగ్గుమంది, పోలీసు కాల్పులు జరిగాయి, ఇంకా ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. కమిషన్ ముందు పోలీసుల వాదన ఏమిటి? ఆమె శీలవతి కాదు, వేశ్య, ఆమె పెళ్లి ముస్లిం చట్టం ప్రకారం పెళ్లే కాదు! అత్యాచారం చేసినవాళ్లు నికాహ్ చెల్లుతుందా లేదా అని ఫత్వాలు వెదికారన్నమాట. కమిషన్ ఆ వాదనను పక్కనబెట్టి పోలీసులదే నేరమని తేల్చింది. విచారణ మాత్రం కర్ణాటకలోని రాయచూరుకు పోయింది, 1981లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ఈ ఉదంతం, మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలిక ఉదంతం, రెండూ కలిసి లేపిన ఆందోళనతో 1983లో కస్టడీ అత్యాచారాల చట్టం మారింది. చట్టం దేశానికి దక్కింది. ఆమెకు న్యాయం దక్కలేదు.

అదే చెన్నారెడ్డి రెండోసారి ముఖ్యమంత్రిగా ఉండగా 1990 డిసెంబరులో పాతబస్తీ తగలబడింది. వందమందికి పైగా చచ్చిపోయారు. ముఖ్యమంత్రిని దించడానికి సొంత పార్టీవాళ్లే చేయించారన్న మాట ఊరంతా పాకింది. ఆయన దిగిపోయాడు, నేదురుమల్లి జనార్దనరెడ్డి ఎక్కాడు. కుర్చీ మార్పుకు మా శవాలు మెట్లయ్యాయి. ఆ రోజుల కర్ఫ్యూ ఎరిగినవాళ్లకు దాని లెక్క తెలుసు. చుడీల పనివాడికి, జరీ పనివాడికి, ఆటో నడిపేవాడికి కర్ఫ్యూ అంటే ఎన్ని రోజులైతే అన్ని రోజుల పస్తు.

ఇక 2007 మే 18, జుమ్మా రోజు. మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు. ఆపైన పదుల సంఖ్యలో మా పిల్లల్నే ఎత్తుకుపోయారు. వాళ్లను చిత్రహింసలు పెట్టారని మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక రాశాడు. కేసులు నిలబడలేదు. ఆ తర్వాత దర్యాప్తు హిందుత్వ బృందాల వైపు తిరిగింది, 2018లో ఆ కేసులోనూ విచారణ ఎదుర్కొన్నవాళ్లు నిర్దోషులుగా విడుదలయ్యారు. అంటే మసీదులో మా వాళ్లను చంపిందెవరూ కాదు. 2012 ప్రాంతంలో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం నిర్దోషులుగా తేలిన పిల్లల్లో కొందరికి 3 లక్షలు, పట్టుకెళ్లి వదిలేసిన మరికొందరికి 20 వేలు చొప్పున పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పోలీసుశాఖ పేరు మీద మా వైపు వచ్చిన ఒకే ఒక్క పైసా అది. దానికీ చట్టంలో చోటు దొరకలేదు.

ఈ చరిత్ర తెలిస్తేనే తెలంగాణ వాదన కాలంలో మా స్థానం అర్థమవుతుంది. రాష్ట్రాన్ని వద్దన్నవాళ్లు ఏమన్నారు? తెలంగాణ వస్తే నక్సలైట్లు పెరుగుతారు, మతకల్లోలాలు పెరుగుతాయి అన్నారు. శ్రీకృష్ణ కమిటీ 2010 చివర్లో ఇచ్చిన నివేదికలో శాంతిభద్రతల అధ్యాయాన్ని జనానికి చూపకుండా ముద్ర వేసి కేంద్రానికి ఇచ్చింది. ఎనిమిదో అధ్యాయం. దాచిపెట్టిన కాగితంలో మా గురించి ఏం రాశారో మాకే తెలియకుండా మా మీద ఒక తీర్పు తయారైంది. రాష్ట్రం ఏర్పడింది గానీ ఆ అనుమానం పోలేదు. 2014 విభజన చట్టం ఎనిమిదో సెక్షన్ ఉమ్మడి రాజధానిలో జనం ప్రాణాలు, ఆస్తుల రక్షణ విషయంలో గవర్నరుకు ప్రత్యేక బాధ్యత ఇచ్చింది. అంటే హైదరాబాద్‌ను తెలంగాణ పాలకుడు కాపాడలేడని ముందే అనుకున్నట్టు.

కె.సి.ఆర్. దీనికి గట్టిగా ఎదురు తిరిగాడు. 2014 ఆగస్టులో కేంద్ర హోంశాఖ ఆ అధికారాల గురించి లేఖ రాస్తే రాష్ట్రం హక్కుల్లో వేలు పెట్టొద్దన్నాడు. ఆ విషయంలో ఆయన మాట న్యాయమైనదే. అయితే ఆయన ఇచ్చిన అసలు జవాబు మాటల్లో లేదు, పద్దులో ఉంది. శాంతిభద్రతలుంటేనే పెట్టుబడులొస్తాయి, పోలీసులు బాగుంటేనే శాంతిభద్రతలుంటాయి. ఇదీ ఆయన సూత్రం. ఆ ఆగస్టులోనే నగర పోలీసులకు కొత్త ఇన్నోవా కార్లు, మోటారు సైకిళ్లు ఇచ్చాడు. స్టేషను ఖర్చులకు నెలనెలా డబ్బు, నగరంలో స్టేషనుకు 75 వేలు, జిల్లా కేంద్రాల్లో 50 వేలు, పల్లెల్లో 25 వేలు ప్రకటించాడు. పోలీసు ఉద్యోగాల్లో ఆడవాళ్లకు 33 శాతం అన్నాడు. 2014 అక్టోబరులో ‘షీ టీమ్స్’ వచ్చాయి. చివరికి 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో ఆకాశాన్నంటే కమాండ్ కంట్రోల్ సెంటర్‌ను తెరిచాడు.

వీటిలో మంచి ఉంది. స్టేషనుకు పోయిన పేదవాడే ఫిర్యాదు రాసే తెల్లకాగితం కొనుక్కుపోవాలి, జీపులో డీజిలూ పోయించాలి అన్నది మనందరి అనుభవం. స్టేషనుకు నెల ఖర్చు ఇవ్వడమంటే ఆ చిల్లర దోపిడీ మూలం మీద చెయ్యి వేయడమే. బస్టాపులో మా అక్కాచెల్లెళ్లను ఏడిపించే పోకిరీలకు షీ టీమ్స్ భయం పట్టుకున్న మాట నిజం. అన్నిటికన్నా పెద్దది ఇంకోటుంది. ఆయన తొమ్మిదిన్నరేండ్ల పాలనలో పాతబస్తీకి 1990 లాంటి డిసెంబరు రాలేదు. భైంసాలో 2020లో, 2021లో ఇళ్లు తగలబడ్డాయి, అది మరిచిపోరాదు. కానీ చార్మినార్ చుట్టుపక్కల వారాల తరబడి కర్ఫ్యూ చూడకుండా ఒక తరం పిల్లలు పెద్దయ్యారు. ఆ పిల్లల తల్లుల్ని అడగండి, అది ఎంత పెద్ద విషయమో వాళ్లే చెప్తారు.

మరైతే మా బాధేమిటి?

ఆ శాంతికి ఎవరు ఎలా వెల కట్టారన్నదే మా బాధ. ఇన్నోవా రోడ్డు మీద పోతుంటే నగరానికి అందం. అదే బండి తెల్లవారుజామున గల్లీ మొగల ఆగితే మాకు కార్డన్ సెర్చ్. ఒకసారి మా బస్తీలో ఫజర్ అజాఁకు ముందే వందలమంది పోలీసులు నాలుగు దిక్కులా దిగారు. తలుపులు దబదబ కొట్టారు. ఆడవాళ్లు దుపట్టాలు వెదుక్కుంటుంటే మగవాళ్లు బియ్యం డబ్బా కింద దాచిన ఆర్‌సీ బుక్కు వెదుక్కున్నారు. కాగితాలు లేని బండ్లను లారీల్లో ఎత్తుకుపోయారు. పొద్దున పేపర్లో ఫోటో వచ్చింది, ఇన్ని బండ్లు స్వాధీనం, ఇంతమంది అనుమానితులు అని. అప్పు చేసి సెకండ్‌హ్యాండ్ బండి కొన్న పెయింటరు అనుమానితుడు. పేరు మార్పించుకోని మెకానిక్కు అనుమానితుడు. ఇలాంటి సోదాలు దళితవాడల్లోనూ జరిగాయి. లిఫ్టులుండే అపార్ట్‌మెంట్లలో, గేటు దగ్గర కుక్క ఉండే బంగళాల్లో జరిగినట్టు మేం వినలేదు. అక్కడ కాగితాల్లేని బండ్లు ఉండవా?

తర్వాత కెమెరాలు వచ్చాయి. చాలా చోట్ల బస్తీ జనమే చందాలేసుకుని పెట్టించుకున్నారు. తర్వాత ముఖాలు గుర్తుపట్టే యంత్రం వచ్చింది. 2021 లాక్‌డౌన్‌లో పాతబస్తీ సామాజిక కార్యకర్త ఒకాయన్ని పోలీసులు ఆపి, మాస్కు తీయమని, ఆయన వద్దంటున్నా ఫోటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారని ఆయన హైకోర్టుకు పోయాడు. దేశంలో ముఖాల గుర్తింపు మీద వేసిన తొలి కేసుల్లో అదొకటి. గడ్డం, టోపీ ఉన్న ముఖాన్ని గుర్తుపట్టడానికి మనుషులకు యంత్రం అక్కర్లేదు, అది మాకు ఎప్పట్నుంచో తెలుసు. ఇప్పుడు యంత్రానికీ నేర్పించారు.

పి.డి. యాక్టు సంగతి చూడండి. నేరం రుజువు కాకుండానే ఏడాది దాకా లోపల పెట్టగలిగే ఈ చట్టం 1986 నాటిది, తెలుగుదేశం కాలంలో వచ్చింది. సారా వ్యాపారులు, గూండాలు, భూకబ్జాదారుల పేరుతో తెచ్చారు. కె.సి.ఆర్. ప్రభుత్వం దాన్ని తగ్గించలేదు, సవరించి ఇంకా ఎన్నో నేరాలను అందులో చేర్చింది. 2023 సెప్టెంబరులో హైదరాబాద్‌కు చెందిన ఒక ముస్లిం మహిళ తన భర్త నిర్బంధం మీద సుప్రీంకోర్టుకు పోతే, కోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టేసి, తెలంగాణ పోలీసులు ఈ చట్టాన్ని వాడుతున్న తీరును చాలా కఠినంగా తప్పుబట్టింది. మామూలు చట్టంతో ఆపగలిగిన చోట ముందస్తు నిర్బంధం ఎందుకన్నది కోర్టు ప్రశ్న. అది మా గల్లీ ప్రశ్న కూడా.

ఇక ఆలేరు. 2015 ఏప్రిల్ 7. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తున్న అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలను పోలీసు వ్యానులోనే కాల్చి చంపారు. చేతులకు బేడీలున్నాయి. బేడీలతోనే సీట్లలో వాలిపోయిన శవాల ఫోటోలు అందరం చూశాం. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులన్నారు. అంతకు కొద్దిరోజుల ముందే సూర్యాపేటలో పోలీసులను దుండగులు కాల్చి చంపారు. ఆ పోలీసుల ఇళ్లలో ఏడుపు మా ఇళ్లలో ఏడుపు లాంటిదే. కానీ ఆ హంతకులు వేరు, వాళ్లు అప్పటికే ఎన్‌కౌంటర్లో చనిపోయారు. వ్యానులో ఉన్నవాళ్లు కోర్టుకు పోతున్నారు. వాళ్లు నేరస్తులా కాదా అని చెప్పవలసింది న్యాయమూర్తి. ప్రభుత్వం సిట్ వేసింది. ఒక్క పోలీసుకూ శిక్ష పడలేదు. 2019 డిసెంబరులో చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను చంపినప్పుడు జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో అది కావాలని చేసిన కాల్పులేనని తేల్చింది. ఆలేరుకు అలాంటి కమిషన్ కూడా రాలేదు. ఆలేరు అప్పుడే అందరూ ‘ఇది తప్పు’ అని ఉంటే చటాన్‌పల్లి జరిగేదా అని సెక్యులర్ మిత్రుల్ని అడగాలనిపిస్తుంది.

ఇక్కడ మాలో మేం మాట్లాడుకోవలసిన మాట ఒకటుంది. మనవాడు కుర్చీలో ఉంటే అన్నీ సరిపోతాయన్న భ్రమ. నిజాం కాలంలో 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాల్ రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి. ముస్లిం ప్రభువు రాజధానికి హిందూ కొత్వాల్. ఆయన మంచి పేరు తెచ్చుకున్నాడు. అంతమాత్రాన పల్లెల్లో దేశ్‌ముఖుల గడీల కింద నలిగిన హిందూ రైతుకు ఏం ఒరిగింది? కె.సి.ఆర్. మహమూద్ అలీని ముందు ఉపముఖ్యమంత్రిని చేశాడు, 2018 డిసెంబరు నుంచి హోంమంత్రిని చేశాడు. మా ఖౌమ్ గర్వపడింది. నేనూ పడ్డాను. 2023 జనవరి చివర్లో మెదక్‌కు చెందిన ఒక ముస్లిం కూలీని గొలుసు దొంగతనం అనుమానంతో పట్టుకుపోయారు. సీసీ కెమెరాలో కనబడిన మనిషిలా ఉన్నాడట. కొట్టారని ఆసుపత్రి మంచం మీది నుంచి తానే చెప్పాడు. ఫిబ్రవరి నెల సగం గడిచేసరికి గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసుల్ని సస్పెండ్ చేశారు, హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. హోంమంత్రి ముస్లిం, చచ్చినవాడు ముస్లిం. మధ్యలో ఉన్న లాఠీకి ఆ సంగతి తెలియదు. అంతకు ముందు 2021లో అడ్డగూడూరు స్టేషనులో ఒక దళిత మహిళ చనిపోతే ముఖ్యమంత్రి కుటుంబానికి సాయం ప్రకటించాడు. సాయం మంచిదే. కానీ ప్రాణం పోయాక ఇచ్చే డబ్బు పోలీసు పద్దులో ఒక ఖర్చుగా మిగిలిపోతే రేపు ఇంకో స్టేషనులో ఇంకో ప్రాణం పోతుంది.

1978 నుంచి 2023 దాకా నలభై అయిదేండ్లు. రిక్షా కార్మికుడి నుంచి మెదక్ కూలీ దాకా. ఈ మధ్యలో జీపు ఇన్నోవా అయింది. వైర్‌లెస్ కమాండ్ సెంటర్ అయింది. ఎన్ని కోట్లు పెరిగాయో లెక్క చెప్పేవాళ్లున్నారు. ఆ కోట్లలో ఎంత భాగం లాకప్పులో మనిషి బతికి బయటపడడానికి ఖర్చయిందో చెప్పేవాళ్లు లేరు. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో ప్రత్యేక సంస్థ ఉండాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. మా గల్లీలో ఎవర్నయినా అడగండి, అలాంటిదొకటి ఉంటుందని విన్నవాడు ఒక్కడు దొరకడు. గల్లీ చివర కెమెరా ఎక్కడుందో మాత్రం అయిదేండ్ల పిల్లాడికీ తెలుసు.

మాకు పోలీసులు వద్దని ఎవరూ అనడం లేదు. వడ్డీ వ్యాపారి రౌడీలతో ఇంటి మీదికొస్తే, గంజాయి అమ్మేవాడు స్కూలు గోడ పక్కన నిలబడితే, జులూసుల్లో బూతు పాటలు మసీదు ముందు ఆగితే, పోలీసు మాకే ముందు కావాలి. బందోబస్తుకు నౌకర్లను పెట్టుకునే స్తోమత మాకు లేదు. మేం చెప్పేదల్లా ఒక్కటే. డెబ్బయ్యేండ్లుగా పోలీసు ఖర్చుకు కారణంగా మమ్మల్ని చూపిస్తున్నారు. ‘సున్నితమైన ప్రాంతం’ అంటారు, ‘సమస్యాత్మక బస్తీ’ అంటారు. మా పేరు మీద పద్దు రాస్తారు. ఆ పద్దు గురించి మమ్మల్ని అడగరు. అదే కె.సి.ఆర్. ప్రభుత్వం 204 మైనారిటీ గురుకులాలు పెట్టింది. ఆ బడులకు పోయిన మా బిడ్డలు డాక్టర్లవుతున్నారు, ఇంజనీర్లవుతున్నారు. జనాభాలో 12.7 శాతం ఉన్న మాకు 12 శాతం రిజర్వేషన్ల బిల్లు 2017లో అసెంబ్లీలో పాసయి ఢిల్లీలో ఆగిపోయింది. బడికీ కొలువుకూ పెట్టిన పైసాతో ఒక పిల్లవాడు వీధి నుంచి తరగతి గదికి పోతాడు. అది కూడా నేరాన్ని ఆపే ఖర్చే. దాన్నెవరూ శాంతిభద్రతల పద్దులో రాయరు.

2023 డిసెంబరులో ఆ ప్రభుత్వం పోయింది, వేరే ప్రభుత్వం వచ్చింది. ఎవరొచ్చినా రంజాన్ నెలలో స్టేడియంలో దావతే ఇఫ్తార్ ఉంటుంది. నాయకుడు తెల్ల టోపీ పెట్టుకుని, ఖర్జూరం నోట్లో వేసుకుని, గంగా జమునా తెహజీబ్ గురించి నాలుగు మాటలు చెప్తాడు. మన పెద్దలు పక్కన కూర్చుని ఫోటో దిగుతారు. దిగనీయండి. కానీ ఖర్జూరం తిన్నాక ఆయన్ని మూడు మాటలు అడగాలి. మా బస్తీ పేరు చెప్పి తీసుకున్న డబ్బు ఎంత? మా పిల్లవాడిని స్టేషనుకు తీసుకుపోతే బతికి ఇంటికొస్తాడని పూచీ ఎవరిది? రాకపోతే ఎవరి కొలువు పోతుంది?

జవాబు చెప్పగలిగిన నాయకుడికి మేం ఓటు వేస్తాం, వాడు ఏ మతంవాడైనా సరే. చెప్పలేనివాడు మనవాడైనా సరే, ఆ టోపీ తీసి పక్కన పెట్టి పొమ్మనాలి.